నాస్తికుడి పక్షం

టెనెసీలో ఓ చర్చి వంటగది. ఆదివారం విందు ముగిసింది. భార్య పళ్ళేలు కడుగుతుంటే, పాస్టర్లను తయారుచేసే సెమినరీలో క్రైస్తవ విశ్వాస సమర్థన మీద ఎం.ఏ. చదువుతున్న భర్త తుడుస్తున్నాడు.

“నిన్న గ్యారేజీలో దేవుడు లేడని ఎవరితో వాదిస్తున్నావు?”

“ఎవరితోనూ కాదు. శుక్రవారం క్లాసులో డిబేట్ ఉంది. నాస్తికుడి పక్షం నాకొచ్చింది.”

“పోయినసారీ నీకే వచ్చిందిగా.”

“ఎవరూ ముందుకు రాకపోతే తీసుకున్నా.”

“అంటే అది నీకు రాలేదు, నువ్వే అడిగి తీసుకున్నావు.”

“అవతలివాడి వాదన వాడికంటే బాగా చెప్పగలిగితేనే జవాబివ్వగలమని మా ప్రొఫెసర్ అంటాడు.”

“సరే, ఆ జవాబేదో చెప్పు. వింటాను.”

“ఇప్పుడా? ముందు ఈ పని కానీ.”

“పని చేతులకేగా, నోటికి కాదుగా.”

“జవాబు అవతలి జట్టు చూసుకుంటుందిలే. చదువు కోసం చేసేదానికి ఇంత అనుమానమేంటి?”

“మరి ఇంట్లో భోజనం ముందు ప్రార్థన నువ్వు మానేసి పాపతో చేయిస్తున్నావే, అదీ చదువు కోసమేనా?”

“దానికి అలవాటవుతుందని.”

“నేనూ అలాగే అనుకున్నా. ప్రార్థనప్పుడు నాన్న కళ్ళెందుకు మూసుకోడని పొద్దున అది నన్నడిగింది.”

“అదెలా చూసింది? అది మూసుకోదా?”

“మూసుకునేది. నిన్ను చూసి మానేసింది.”