ఎడమ చెవి పక్క

ఇదిగో రెజీనక్కా, ముందే చెప్తుండా, నీకు తక్కువ చేసినానని రేపు నన్ను అనబాక. మొదటి బకెట్టు సున్నం నీకే. మూడు నెలల కిందట పోయిన మొగుడి సమాధి పక్కనే ఉంటే, దాన్ని వదిలిపెట్టి ఆయన మొదటి పెళ్ళాం సమాధికి సున్నం కొడతా కూర్చున్నా చూడు! నా అంత పిచ్చిది ఈ జువ్వలదిన్నెలో ఇంకొకతి ఉంటాదా?

రేపు ఈస్టరు గదా. తెల్లారకముందే సంఘమంతా కొవ్వొత్తులు, పూలు పట్టుకుని ఈడికొస్తారు. ఇయ్యాళ్టికి సమాధులన్నీ తెల్లంగా ఉండాల. ముప్పై ఏళ్ళ నుంచి నీకు సున్నం కొట్టేది ఎవరు? నేనే. ఆయనేమో అదో, ఆ పిట్టగోడ మీద కూర్చుని "రెబెక్కా, ఆ మూల వదిలేసినావు" అనేవాడు. ఆ మూలంట! ఒళ్ళు మండిపోయేది నాకు.

నీకేమక్కా. ఇరవై నాలుగేళ్ళకే పోయినావు. ఫొటోలో జడ ముందుకేసుకుని ఇప్పటికీ అట్నే ఉండావు. నాకు యాభై ఎనిమిది, మోకాళ్ళు వంగవు. నువ్వు ఒక్కనాడు చేపల పులుసులో ఉప్పెక్కువ వేసినట్టు ఎవరికన్నా గుర్తుందా? నేను వేసినవన్నీ ఊరందరికీ గుర్తే!

ఆయన పోయిన పదో రోజు ఆదరణ కూడిక పెట్టినారు. ఆదరణ ఎవరికి? నాకే గదా? తెల్ల చీర కట్టుకుని ముందు వరసలో కూర్చున్నా. పాస్టరు గారు లేచి ఏమన్నాడనుకుంటుండావు? "మన గిద్యోనన్న ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన రెజీనమ్మని ఈపాటికి పరదైసులో కలుసుకుని ఉంటాడు" అన్నాడు. అందరూ "హల్లెలూయ" అన్నారు. నేను గూడా అన్నా. అనక ఏం చేసేది?

నీ కూతురు షారన్ తక్కువ తిన్నదా? మూడేళ్ళ పిల్లని నా చేతికిచ్చినారు. పేలు చూసినా, బడికి పంపినా, రెండు పురుళ్ళు పోసినా. ఆ బిడ్డ నన్ను కావలించుకుని "నాన్న అమ్మ దగ్గరికి పోయినాడులే, ఏడవబాకమ్మా" అనింది. చూసినావా? పరలోకంలో ఉండే అమ్మవి నువ్వు. ఈడ ముక్కు చీదుకునే అమ్మని నేను.

నేను పుట్టింది మీ మతంలో కాదు. మాది మనుబోలు పక్క, నా పేరు ఆదిశేషమ్మ. పెళ్ళికి ముందు బాప్తిస్మమిచ్చి రెబెక్కమ్మని చేసినారు. చచ్చిపోయినోళ్ళు మళ్ళీ లేస్తారని నాకేం తెలుసు? నీ సిలువ మీద ఆయన చెక్కించినాడే, "మళ్ళీ కలుసుకుందాం" అని, చదువు నేర్చుకునేటప్పుడు నేను కూడబలుక్కుని చదివిన మొదటి మాట అదే. ఎవరు, ఎప్పుడు, యాడ కలుసుకునేది అని ఆయన్నే అడిగినా. ఓపిగ్గా అంతా చెప్పినాడు. నా విశ్వాసమంతా నీ సమాధి దగ్గర నేర్చుకున్నదేనక్కా. అందుకే గామోసు, అప్పట్నుంచీ ఆ అక్షరాల మీద మాత్రం సున్నం ఇంకో రెండు పూతలు ఎక్కువ కొడతా వచ్చినా. ఇప్పుడు చూడు, సగం పూడిపోయినాయి. కావాలనే కొట్టినా.

ఇంతేనా అంటావా? ఇంకోటుంది. ఎవరికీ చెప్పలా.

ఆయన బోటు ఇంజన్ల మెకానిక్కు గదా. నీ కాలంలో చెవులు బాగానే ఉండి ఉంటాయి. ఇంజన్ తిరగతా ఉంటే దాని మీదికి ఎడమ చెవి వంచి వినేవాడు, జబ్బు యాడుందో చెప్పేవాడు. అట్టా విని విని ఆ చెవి పూర్తిగా పోయింది. నీకు తెలీదు. నాకు తెలుసు!

గొయ్యి తవ్వేటప్పుడు సంఘం పెద్దలు "రెజీనమ్మకి ఉత్తరం పక్క వేపనీడ ఉండాది, ఆడ పెడదాం" అన్నారు. కాదు, దక్షిణం పక్కేనని మొండికేసినా. మనోళ్ళకి కాళ్ళు తూర్పుకే గదా పెడతారు, తూర్పు చూస్తా లేవాలని. అట్టా లేస్తే ఆయనకి నువ్వు ఎడమ పక్క. ఇంకో పక్క ఖాళీ ఉంచినా, అది నాకు. చచ్చినోళ్ళని లేపే కడబూర మోగినాక నువ్వు గొంతు చించుకున్నా ఆయనకి వినపడదు. నేను మెల్లిగా "ఏమయ్యా" అంటే చాలు, ఇటు తిరుగుతాడు.

నవ్వబాక. అట్టా ఇట్టా తిప్పి పాస్టరమ్మని అడిగితే "లేచినాక వచ్చే మహిమ శరీరానికి చెవుడేంది రెబెక్కమ్మా" అనింది. అదీ నీకే కలిసొచ్చె!

అయినా నాకు నమ్మకం చిక్కడం లేదక్కా. ఆఖరి రోజు ఆసుపత్రిలో సెలైను కుడి చేతికి పెట్టినారు. ఆ పక్కంతా స్టాండు, మిషన్లు. నన్ను ఎడమ పక్క కూర్చోబెట్టినారు. "ఏమయ్యా, ఆడికి పోయినాక రెజీనక్క దగ్గరే ఉండిపోబాక, నన్ను గూడా వెతుక్కో" అని చెప్పినా. ఎన్నిసార్లు చెప్పినా! నర్సులు చూస్తున్నా సిగ్గు లేకుండా అరిచినా. ఆయన నా మొహం చూసి "ఏందీ?" అన్నాడు. అంతే. అదే ఆఖరి మాట.

ఆ పక్క కూర్చుని పిలవడం ఎట్టా ఉంటాదో నాకు తెలుసు. అట్టాంటి చోట నిన్ను పెట్టినా.

ఉండు, ఈ మేకుతో ఆ సున్నం గీకేస్తా. కదలబాక అంటుండా చూడు, నువ్వేదో కదిలేదానిలాగా! ఈ మాట పూడిపోతే నీకొక్కదానికేనా పోయేది? నీకు అబద్ధమైంది నాకు నిజమవుతాదా? "మ" వచ్చింది. "ళ్ళీ" వచ్చింది. ఆయన చెక్కించిన అక్షరాలు ఎంత లోతుగా ఉండాయే అక్కా! ఇప్పటికీ ఒళ్ళు మండతానే ఉంది నాకు.

సరే, విను. రేపు ఆ కడబూరకి లేచినాక నువ్వే ముందు పలకరించుకో. కానీ ఉండే చోట్నే ఉండి పిలవబాక, పలకడు. చుట్టూ తిరిగి కుడి పక్కకి రా. ఆడ నేనుంటా.

కాస్త జరిగి చోటిస్తాలే, ఏం చేసేది.