మూడో ఆలస్యం

పెద్దలారా, ఉపాధ్యాయులారా, పిల్లలారా, ముందు వరుసలో తల వంచుకు కూర్చున్న మేస్టారి భార్యా, నాకు చెల్లెలి వంటిదానివమ్మా నువ్వు. ఓదార్చే మాటల్లో నాకు మొదటినుంచీ నేర్పు తక్కువ. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మన డ్రిల్లు మేస్టారు పోయి నేటికి తొమ్మిది రోజులు. ఈ బడిలో ఇరవై రెండేళ్ళ ఏడు నెలలు పనిచేశారు. గేటు దగ్గర ఆలస్యాల పుస్తకం ఆయన చేతిలో ఉండేది. ఆ పుస్తకానికి నియమం రాసింది మాత్రం పాఠశాల కమిటీ అధ్యక్షురాలిగా నేను. ఎనిమిదీ యాభై దాటితే ఆలస్యం. నెలలో మూడు పడితే ఆ టర్ము పరీక్ష లేదు. ఆ లెక్కన పదో తరగతి పిల్లలు ఐదుగురి పేర్లు నా సంతకం కోసం వచ్చాయి. పరీక్ష సోమవారం. ఆయన లేకుండా నేను తేల్చవలసిన మొదటి జాబితా ఇది.

ఆలస్యమైనవాళ్ళను ఆయన మైదానం చుట్టూ రెండు చుట్లు పరుగెత్తించేవారు. మీలో సగం మంది పరుగెత్తినవాళ్ళే. పక్కనే తానూ పరుగెత్తేవారు, గుర్తుందా? "ముందు పరుగందుకో, కారణం దారిలో చెబుదువుగాని" అనేవారు. సైన్సు టీచరు ఉండబట్టలేక, "ఈ శిక్ష పిల్లలకా మేస్టారూ, మీకా?" అని అడిగింది. "నా పొట్ట చూసే అడుగుతున్నారు, నాకు తెలుసు" అన్నారు. నేను అడిగితే మటుకు అసలు సంగతి చెప్పారు. "నిలబెట్టి అడిగితే కథలల్లుతారు టీచరుగారూ. ఆయాసంలో అల్లడానికి ఊపిరి చాలదు."

నేను నవ్వలేదు. కారణాలు వింటూ కూర్చుంటే నియమమెందుకు అనుకున్నాను.

ఆరేళ్ళ కిందట, తొమ్మిదో తరగతిలో, నా మనవరాలికి ఒకే నెలలో రెండు ఆలస్యాలు పడ్డాయి. ఆ ఆదివారం మేస్టారు మా ఇంటికి వచ్చారు. కుర్చీ అంచున కూర్చుని మంచినీళ్ళు తాగారు. "పాపకి పొద్దున చేయించే లెక్కలు సాయంత్రానికి మార్చగలరా?" అన్నారు. అంతే. ఎందుకో చెప్పలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని, నాకు ఒళ్ళు మండింది. "లెక్కలు నేను చూసుకుంటాను. మీరు విజిల్ ఊదుకోండి" అన్నాను. ఆయన గ్లాసు జాగ్రత్తగా బల్లమీద పెట్టి, "సరేనండి" అని వెళ్ళిపోయారు.

నాలుగో రోజున మూడో ఆలస్యం పడింది. కమిటీలో మిగతావాళ్ళు మినహాయింపు ఇద్దామన్నారు. నా మనవరాలికైతే అసలే వద్దన్నాను. పరీక్ష పోయింది. పిల్ల ఇక బడికే వెళ్ళనని తలుపేసుకుంది. తల్లి బతిమాలింది, తండ్రి కోప్పడ్డాడు. నేనేం చేశాను? నియమం చదివి వినిపించాను! మేస్టారు మాత్రం రోజూ ఎనిమిదింటికి మా వీధి మలుపులో సైకిలు పట్టుకుని నిలబడేవారు. పిలిచేవారు కాదు. పదకొండో రోజున పిల్ల సంచీ తగిలించుకుని ఆయన వెంట వెళ్ళింది.

ఇన్నేళ్ళూ చెప్పని కారణం మేస్టారు పోయిన సాయంత్రం నా మనవరాలు చెప్పింది. "లెక్క తప్పిన రోజున నువ్వు అనే మాటలకి ఏడుపొచ్చేది నానమ్మా. ఎర్రబడ్డ కళ్ళతో క్లాసుకెలా వెళ్ళను? మలుపులో కుళాయి దగ్గర మొహం కడుక్కుని, ఎరుపు తగ్గేదాకా ఆగేదాన్ని. సార్‌కి పరుగులో చెప్పేశాను. నీకు చెప్పొద్దని బతిమాలాను."

నేను ఎనిమిదీ ఇరవైకి గడియారం చూసి పంపేదాన్ని. నడక పాతిక నిమిషాలు. అయినా పిల్ల ఆలస్యమైందంటే, దారిలో ఏం జరిగిందని నేనెందుకు అడగలేదు? కమిటీలో అంతమంది ముందు మేస్టారు ఒక్క మాట అని ఉంటే, తప్పు నాదని తేలిపోయేది. ఆయన అనలేదు. పిల్లకిచ్చిన మాట నిలబెట్టుకున్నారు, నా చేత మాట పడి కూడా.

ఆయనకు నేను క్షమాపణ చెప్పలేదు. చెల్లీ, ఇంతమంది ముందు నీకు చెబుతున్నాను. నన్ను మన్నించు.

ఆ ఐదుగురూ సోమవారం పరీక్ష రాస్తారు. నియమం ఎత్తేయడం లేదు. ఎనిమిదీ యాభై అంటే ఎనిమిదీ యాభయ్యే. కాని కారణం అడగకుండా ఇకమీదట ఏ జాబితా మీదా నా సంతకం పడదు. నేనే అడుగుతాను. తప్పు పెద్దవాళ్ళదని తేలినా వింటాను.

ఇక అందరూ లేవండి. రెండు నిమిషాలు మౌనం. గడియారం నేను చూస్తాను. సభ మొదలయ్యాక వచ్చిన పిల్లలు కొందరు తలుపు బయటే ఆగిపోయారు, నాకు కనబడుతున్నారు. ఎందుకు ఆలస్యమైందో తరవాత విందాం. ముందు లోపలికి రండి నాన్నా. వచ్చి మా పక్కన నిలబడండి.