వంద శాతం సరిపోయిన దుంప

పెరూ రాజధాని లీమా మీద సాయంత్రపు తుంపర మొదలయ్యేసరికి ఎర్మెలిందా కషాయం బండి చుట్టూ ఎప్పటి మనుషులే చేరారు. బంగాళదుంపల పరిశోధనశాల గేటు ఎదురుగానే ఆ బండి. లోపల కంప్యూటర్లు చూసుకునే ఫిదెన్సియో వేడి గ్లాసు అందుకుని గొంతు సవరించుకున్నాడు. ఆయన అన్న కూతురు నేలిదా, అదే గదిలో పనిచేసే పిల్ల, తల దించుకుంది. బాబాయ్ గొంతు సవరించాడంటే ఇక కోతలే.

"నేను చేసింది చిన్న పనే," అన్నాడాయన వినయంగా. "జన్యువుల అక్షరాలు పోల్చి చూసే మన వెబ్ పేజీ ఉందిగా? మునుపు ఒక దుంప అక్షరాలు అందులో వేసి, లోకంలో ఎవరెవరు దాచినవాటితో కలుస్తాయో చెప్పమని అడిగితే, ఈలోగా భోంచేసి రావచ్చు. నేను ఒక్క మెలిక విప్పాను. గ్లాసు ఎత్తి దించేలోగా జవాబు!"

"అదైతే నిజమే," అంది నేలిదా.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? దానికి పరుగు రుచి మరిగింది. అక్షరాలు సగం కొట్టేసరికే జవాబు. ఇంకొన్నాళ్ళకి నేను కుర్చీలో కూర్చోకముందే జవాబు తెర మీద ఉండేది, ప్రశ్న ఏమిటో నేను వెతుక్కోవాల్సి వచ్చేది!"

గేటు కాపలా వెన్సెస్లావ్‌కి పొలమారింది. "మా ఆవిడా అంతే మావా. నేను నోరు తెరవకముందే కాదంటుంది."

"నవ్వు, నవ్వు! ఓనాడు సూపులో తేలిన చిక్కుడు గింజ అక్షరాలు వేశాను. ఏ లోయ గింజో చెప్పింది, ఎవరు వండారో చెప్పింది, వండేటప్పుడు ఆవిడ మొగుడి మీద అలిగి ఉందనీ చెప్పింది!"

"నా సూపు జోలికొస్తే కషాయం బంద్," అంది ఎర్మెలిందా.

"అంతెందుకు, ఇదిగో ఈ తుంపర సీసాలో పట్టి వేస్తే, ఏ సరస్సు మీద లేచిన మబ్బో చెప్పింది. మా కొండ మీది సరస్సే!"

కొండ మాట రాగానే ఆయన గొంతు మెత్తబడింది.

"అప్పుడు వేశాను, మా అమ్మ దుంప అక్షరాలు. 'కోడల్ని ఏడిపించేది' అంటారు దాన్ని. ఒళ్ళంతా బొడిపెలు. కొత్త కోడలు దాన్ని చితక్కుండా ఒలిస్తేనే అత్త మెచ్చేది. మంచు కొరికిన ఏడు మా చేలో ఆ విత్తనమే పోయింది. దేవుడి దయ, ఎండబెట్టిన దుంప ఒక్కటి అమ్మ శాలువా మూటలో మిగిలింది. దాని అక్షరాలు వేశానా! యంత్రం గుడిగంటలా మోగింది, గోడ మీద మేరీమాత నవ్వింది, వంద శాతం! ఎవరి చేలోనో అది బతికే ఉంది! రేపే బయల్దేరి గోనెడు తెస్తాను, మీ అందరికీ ఉడికించి పెడతాను!"

"ఏ ఊళ్ళో ఉందట మావా?"

ఫిదెన్సియో గ్లాసెత్తి ఒక గుక్క తాగాడు.

ఆ దుంప ఒలవడం నేలిదాకి నానమ్మే నేర్పింది, ఒళ్ళో కూర్చోబెట్టుకుని, చేతిమీద చెయ్యి వేసి. బాబాయ్ రేపు తెర మీద చూసి తెలుసుకోవడం కన్నా ఈ మాట తన నోట వినడమే మేలనుకుంది.

"బాబాయ్, ఆ అక్షరాలు దాచినవాళ్ళ పేరు చదివావా?"

ఆయన గ్లాసులోకి చూశాడు.

"నీ పేరే ఉంది. నువ్వు దాచినవే మళ్ళీ నీకు దొరికాయి."

వెన్సెస్లావ్ నవ్వబోయాడు. ఎర్మెలిందా గరిటెతో బండి మీద టక్కున కొట్టింది.

"తెలుసు తల్లీ," అన్నాడు ఫిదెన్సియో. "రోజూ వేస్తాను. దొరికింది అంటుంది. ఆ ఒక్క మాట చదువుకుని పనిలో పడతాను."

ఎవరు దాచినవి వాళ్ళకే తిరిగి చూపించొద్దని పేజీ వాడేవాళ్ళంతా ఎన్నాళ్ళనుంచో మొత్తుకుంటున్నారు. అన్ని మెలికలూ విప్పిన మనిషి ఆ ఒక్కటీ ముట్టుకోలేదు. ఇప్పుడా పని నేలిదా చేతికొచ్చింది.

"రేపేనా ఆ మార్పు?"

"రేపే."

"ఇక ఏమీ దొరకలేదంటుంది."

"అంటుంది బాబాయ్. కానీ ఎప్పుడైనా దొరికిందని అంటే మాత్రం, అది మనం దాచింది కాదు. నిజంగా ఎవరి చేలోనో ఉన్నట్టే."

ఆయన మిగిలిన కషాయం ఒక్క గుక్కలో తాగేశాడు. ఖాళీ గ్లాసు ఎర్మెలిందా ముందుకు జరిపి, మళ్ళీ గొంతు సవరించుకున్నాడు.

"అయితే మార్చెయ్ తల్లీ. అలా అన్న రోజు ఏమవుతుందో తెలుసా?"

"ఏమవుతుంది మావా?" అన్నాడు వెన్సెస్లావ్, ఈసారి నవ్వకుండా.