అతుకులోళ్ళకి ఆ పేరు ఎట్టా వచ్చిందంటే

నాంచారమ్మని ఒకామె ఉందంట. గుండ్లేటిపాలెం సాలెవీధికి కొత్తగా కాపరానికొచ్చిన కోడలు. మొగుడు పున్నయ్య, అత్త రవణమ్మ. ఇంట్లో ఉన్నది ముగ్గురే అనుకో. ఒకటే మగ్గం, అదీ గుంట మగ్గం. నేలలో గుంట తవ్వి, అందులోకి కాళ్ళు దించుకుని కూచుని నేస్తారే, అది. ఆ మగ్గం ఆడితే కూడు, ఆడకపోతే లేదు. పొలం చెక్క లేదు, బర్రెగొడ్డు లేదు. ఇయ్యాళ మీరు అతుకులోళ్ళు, అతుకులోళ్ళు అంటన్నారే, అప్పటికి వాళ్ళకి ఆ పేరు లేదు. అంతకు ముందు ఇంకేందో ఇంటిపేరు ఉండేదంట. అదేందో నన్నడగమాకండి. నాకు తెలవదు, నాకంటే పెద్దోళ్ళకీ తెలవదు. తెలిసినోళ్ళు పోయారు, వాళ్ళతోపాటు ఆ పేరూ పోయింది.

ఏమైందంటే, ఆ వీధికి ఒక కట్టుబాటు ఉంది. ఏటా చౌడమ్మ తల్లి తిరనాళ్ళకి అమ్మోరి చీర వీధే నెయ్యాల. ఏడాదికొక ఇంటి వంతు. వంతొచ్చిన ఇంట్లో తలకి పోసుకుని, ఒంటిపూట తిని, ఎంతో నిష్ఠగా పడుగు చేస్తారు. పడుగంటే ఏందమ్మా అని అడగబోతన్నావు గదా అబ్బయ్యా, నీ మొహం చూస్తేనే తెలస్తంది. రాసుకో. చీరకి పొడుగునా పోయే దారాలు పడుగు, అడ్డంగా పోయేది పేక. ఆ పడుగు తెగకూడదు. ఒకటీ అరా తెగితే ఎవరూ పట్టించుకోరనుకో, అది అందరికీ తెగేదే. పడుగు పడుగే తెగిందనుకో, ఆ ఇంటి మీద అమ్మోరికి కోపమొచ్చిందని లెక్క. వీధంతా తట్టల్తో మట్టి తెచ్చి ఆ ఇంటి మగ్గం గుంట పూడ్చేస్తారంట. ఇంక ఆ ఇంట్లో ఏ తరానా మగ్గం ఆడకూడదు. కూలికి పోవాల్సిందే.

ఆ ఏడు వంతు పున్నయ్యకొచ్చింది. తిరనాళ్ళు ఎనిమిది రోజులుండాయనగా పొద్దున్నే పడుగు వీధిలో సాచారు. కర్రలు పాతి, ఈ చివర్నించి ఆ చివరిదాకా దారాలన్నీ సాగదీసి, గంజి పెట్టి, కుంచెతో దువ్వుతారు. దువ్వుతా ఉంటే ఎవరిదో కోడెదూడ పలుపు తెంపుకుని, కళ్ళు కనపడనట్టు పరిగెత్తుకుంటా వచ్చి, పక్కన ఇంత వీధుందా, ఊహూ, సరిగ్గా పడుగు నడిమిలోంచి దూసుకుపోయింది. అంతే. రెండు ముక్కలు. సగం ఇటు, సగం అటు, గంజిలో మన్నులో పడ్డాయి.  పున్నయ్య కుంచె చేతిలోంచి జారిపోయింది, ఆడనే కూలబడ్డాడు. కామయ్య అని వీధికి కులపెద్ద, ఆయన వచ్చి చూశాడు. మనిషి చెడ్డోడు కాదమ్మా, మాట మీద నిలబడేవాడు, అదే ఆయనతో చిక్కు. చూసి, ఒరే పున్నయ్యా, నా చేతిలో ఏం లేదురా, అమ్మోరి చీర మా ఇంట్లో నేస్తాంలే, అయిదోనాడు వచ్చి గుంట పూడుస్తాం, ఈలోగా నీ మగ్గం సామాను ఊడదీసుకో, అన్నాడంట. చెప్పేసి తలొంచుకుని ఎళ్ళిపోయాడు.

పున్నయ్య ఇంట్లోకి పోయి గోడకి మొహం పెట్టి కూచున్నాడు. నాంచారమ్మ ఏం చేసింది, ఆ రెండు ముక్కలూ పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తి, ఇంట్లోకి తెచ్చి, అత్తా, పొయ్యిలో బూడిద కాసింత తే, మెత్తంది చూసి తే, అన్నదంట. రవణమ్మ, ఏమే, నీకేమన్నా పిచ్చా, తెగిన పడుగు ఇంట్లో పెట్టకూడదే, కాలవలో ఏసి రావాల, అని కేకలేసింది. దానికి ఈమె ఏమందంటే, కాలవలో ఏసేదానికి కాళ్ళుండాయి అత్తా, అతికేదానికి చేతులుండాయి, ముందు చేతుల పని కానీ, తర్వాత కాళ్ళ సంగతి చూద్దాం, అన్నదంట. చూశారా, కాపరానికొచ్చి ఆర్నెల్లు కాలా. ఆ మాటకి రవణమ్మ నోరు మూసుకుని బూడిద తెచ్చింది. రవణమ్మ నోరు మూయించినోళ్ళు ఆ వీధిలో అంతకుముందు ఎవరూ లేరంట.

అతకడమంటే ఇదుగో, ఇట్టా. నా చేతి ఏళ్ళు చూడండి. ఈ దారం కొసా ఆ దారం కొసా దగ్గరపెట్టి, ఏళ్ళకి బూడిద అద్దుకుని, బొటనేలితో ఒక్క నులుము నులిమి వదలాల. ముడి ఉండకూడదు. ముడి ఉంటే అచ్చులో, అదే, మగ్గం మీద దారాలన్నీ దూరే దువ్వెన లాంటిదాంట్లో, ఇరుక్కుని మళ్ళీ తెగిద్ది. ఇది ఆడోళ్ళ పని. నాంచారమ్మ పుట్టింట్లో ఎనిమిదేళ్ళప్పుణ్ణించి అదే పని చేసింది. మగోళ్ళు దాన్ని అసలు పనిగానే చూసేవాళ్ళు కాదు. ఏంది, మా ఆడోళ్ళు కూచుని దారాలు అతకతన్నారు అనేవాళ్ళు, కబుర్లు చెప్పుకుంటన్నారు అన్నట్టు. అక్కడ ఉండేది ఒక దారమా, రెండు దారాలా. వందలూ వేలూ. దారాల వరస తప్పకుండా అటూ ఇటూ పుల్లలు ఉండబట్టి సరిపోయింది, లేకపోతే ఆ బ్రహ్మదేవుడి వల్ల కూడా కాదు. నాంచారమ్మ పొద్దున కూచుంటే చీకటి పడిందాకా లేవదు. రవణమ్మ అన్నం కలిపి నోట్లో పెట్టిద్ది, చేతులకి బూడిద గదా. రెండోనాటికి పున్నయ్యకీ సిగ్గేసినట్టుంది, గోడ దగ్గర్నించి లేచొచ్చి పుల్లలు పట్టుకున్నాడు.

మూడోనాడు పొద్దువాలతంటే ఏమైందంటే, పున్నయ్య, ఏమే, ఇక్కడేందో వంకరగా ఉంది చూడు, అన్నాడంట. చూస్తే ఏముంది, ఆ పొద్దున మొదలెట్టినకాడ ఒక్క దారం వదిలేసింది. ఒక్కటి వదిలితే దాని పక్కది దీనికొచ్చిద్ది, దీని పక్కది ఇంకోదానికి పోయిద్ది, అక్కణ్ణించి అతికిందంతా తప్పే. ఆ రోజు చేసిన పనంతా ఊడదియ్యాల. అప్పుడు ఏడ్చిందమ్మా నాంచారమ్మ. ఏడవదా మరి, ఏళ్ళు తోలు లేచిపోయి ఎర్రగా ఉంటే. రవణమ్మ పక్కనే కూచుని, ఏడిస్తే బూడిద తడిసిద్ది లేవే, నేను ఊడదీస్తా, నువ్వు అతుకు, నాకు కళ్ళు కనపడతయ్యి ఇంకా, అన్నదంట. నాకు ఈ కథలో రవణమ్మంటే బో ఇష్టం. అత్తలందరినీ గయ్యాళులుగా చెప్తారు గానీ, నోరు ఒకటీ మనసు ఒకటీ అయిన అత్తలు బోలెడుమంది ఉండారు.

నాలుగోనాటి సాయంత్రానికి పడుగు ఒకటైంది. రాత్రంతా దీపం పెట్టుకుని, అయిదోనాడు పొద్దున్నకి మగ్గానికి ఎక్కించారు. ఎక్కించి పున్నయ్య నెయ్యబోయేసరికి వీధంతా వచ్చేసింది. మగోళ్ళు తట్టల్తో మట్టి పట్టుకొచ్చారు. ముందు కామయ్య, ఆయన చేతిలోనూ తట్ట. పున్నయ్య లేచి పక్కకి జరిగాడు పాపం, కులపెద్ద కదా. నాంచారమ్మ జరగలా. పోయి గుంటలోకి కాళ్ళు దించి మగ్గం మీద కూచుంది. ఆడమనిషి మగ్గం గుంటలో కూచోవడం ఆ వీధిలో అదే మొదలంట. కామయ్య, లే అమ్మాయ్, అన్నాడు. ఈమె, మట్టి పొయ్యి పెదనాయనా, నా కాళ్ళ మీదే పొయ్యి, గానీ పోసేముందు నాకొక మాట చెప్పు, అంది. ఏందది, అన్నాడాయన. మీ మగ్గం అచ్చులో దారాలుండాయి గదా, వాటిని మొట్టమొదట ఎవరు ఎక్కించారు? కామయ్య, మా నాయనే ఎక్కించుంటాడు, అన్నాడు. మీ నాయన ఎక్కించాడా, ఎక్కిస్తంటే చూశావా? లేదు, మా తాత అయ్యుంటాడు. తాతని చూసినోళ్ళు ఎవరన్నా ఉండారా?  అప్పుడు అందంట, పెదనాయనా, చీర నేసేశాక పాత పడుగు కొస అచ్చులోనే వదిలేస్తాం. కొత్త పడుగు తెచ్చి ఆ కొసలకే అతుకుతాం. అది అయిపోతే దాని కొసకి ఇంకోటి. అచ్చు ఎవరూ కొత్తగా ఎక్కించరు. ఈ వీధిలో ఏ మగ్గం మీదన్నా అతకని దారం ఒక్కటి చూపించు, నేనే ఈ గుంట పూడ్చి కూలికి పోతా.

కామయ్య మొహం ఎర్రగా అయింది. తట్ట కింద పెట్టి గబగబా ఇంటికి పోయాడు. అందరూ ఆడనే నిలబడి ఉండారు, మట్టి తట్టలు నెత్తిన పెట్టుకుని. ఎంతసేపటికీ రాడే. ఇంట్లో ఆయన ఏం చేశాడంటే, తన మగ్గం ముందు మోకాళ్ళ మీద కూచుని, అమ్మోరి కోసం మొదలెట్టిన పడుగునే దారం దారం పట్టుకుని చూశాడంట. ఆయన భార్య ఆదెమ్మ గుమ్మంలో నిలబడి, ఏం చూస్తన్నావయ్యా, అంది. అతకని దారం ఉందేమోనని, అన్నాడు. ఆదెమ్మకి నవ్వాగలా. నీ మొహం, నలభై ఏళ్ళ నించీ ప్రతి పడుగూ నేనే అతకతన్నా, నువ్వు పక్కనే కూచుని అన్నం తింటన్నావు, ఏనాడన్నా చూశావా, అంది. అది విని కామయ్య చేతిలో దారం వదిలేసి లేచాడంట. నలభై ఏళ్ళు. అమ్మోరికి ఆయనే ఎన్ని చీరలు కట్టబెట్టాడు.

వెనక్కి వచ్చాడు. అందరి ముందు నిలబడి, ఒరే, అమ్మోరికి మనం ఇన్నేళ్ళూ కట్టిందంతా అతుకుల చీరే, తల్లి కట్టుకుంది, ఏమీ అనలా, అనేది మనమే, అన్నాడు. అని తన తట్ట ఎత్తుకుపోయి వీధి చివర గుంటలో పోశాడు, బళ్ళు దిగబడతయ్యే, ఆ గుంటలో. మిగతావాళ్ళూ అక్కడే పోశారు. మాట మీద నిలబడే మనిషి అందరి ముందు మాట మార్చుకోవాలంటే ఎంత గుండె కావాలో అనుకోండి. అందుకే నేను కామయ్యని ఒక్క మాట అననియ్యను.

మూడు రోజుల్లో పున్నయ్య చీర నేశాడు. తిరనాళ్ళనాడు అమ్మోరికి కట్టారు. అతుకు యాడుందో చూద్దామని పక్క ఊళ్ళ సాలోళ్ళు కూడా వచ్చి తడిమారంట, ఒక్కళ్ళకి చేతికి తగిలితే ఒట్టు. తగలకపోయినా ఊరుకుంటారా, అతుకుల చీర కట్టినోళ్ళు, అతుకులోళ్ళు అని ఎగతాళి మొదలెట్టారు. పున్నయ్య పోట్లాటకి పోబోతే నాంచారమ్మ ఆపి, అతుకులోళ్ళమే అని చెప్పు, వాళ్ళు కాదేమో కనుక్కో, అన్నదంట. అట్టా నిలిచిపోయింది ఆ పేరు.

ఆ ఇంట్లో ఎట్టాటోళ్ళు బతికారనుకున్నారు. పాపారాయుడని ఒకడుండాడు, మగ్గం మీద కూచుంటే నడుం నొప్పి అనేవాడు, పని దొంగ. కానీ విడిపోయిన అన్నదమ్ముల్ని కలపాలంటే నాలుగూళ్ళు వాడికోసం మనిషిని పంపేవి. వాళ్ళింట్లో ఒక పూటా వీళ్ళింట్లో ఒక పూటా తింటా, కలిసిందాకా కదిలేవాడు కాదు. వాణ్ణి మేపలేక కలిసేవాళ్ళని కూడా అంటారు. తర్వాత వీరమ్మ. అరవయ్యోపడిలో చూపు పోయింది. పోతే ఏం, పడుగు ముందు కూచోబెడితే కళ్ళున్నోళ్ళకంటే ముందు అతికేసేది, ఒక్క దారం తప్పేది కాదు. చూపుంటే పక్కన ఎవరు పోతన్నారో చూస్తాం, చూపు లేదు గనక దారమే చూస్తన్నా, అనేదంట. చదువుకున్నాక ఆ పేరు సిగ్గేసి బళ్ళో మార్పించుకున్నోడు కూడా ఒకడున్నాడు. వాడి సంగతి వద్దులే, వాడి పేరు చెప్పి నా నోరు ఎందుకు పాడుచేసుకోవాల.

ఇంటిపేరు మగోళ్ళదంటారు గదా. తండ్రి నించి కొడుక్కి వచ్చిద్ది, కూతురికి పెళ్ళైతే పోయిద్ది. మరి ఈ ఇంటిపేరు తెచ్చింది ఎవరు? పరాయి ఊరి నించి వచ్చిన కోడలు. వీరమ్మా కోడలే. నేనూ కోడల్నే, పదకొండేళ్ళకి తెచ్చి ఈ ఇంటికి అతికారు. అబ్బయ్యా, కథ చెప్పింది ఎవరని నీ కాగితంలో రాస్తావు గదా, పలానా ఆయన భార్య అని రాయమాకు. అతుకుల సుందరమ్మ అని రాయి. ఆయన్ని రాయాల్సి వస్తే, నా మొగుడని రాయి.