చార్జింగ్ ఎక్కిన సెల్లు

జహీరాబాద్ కోర్టు వరండాలో ఇంద్రసేన తన అక్క భాగీరథమ్మ చెవిలో గట్టిగా చెప్పాడు.

"నిన్న కరెంటు లేకుండె అక్కా. నీ చెవి మిషన్ సెల్లు చార్జింగ్ ఎక్కలే. జడ్జి అడిగితే నేను సైగ జేస్త, నువ్వు తల ఊపు."

"దేనికి ఊపాలె తమ్మీ?"

"గదంత నేను చూసుకుంట."

"కరెంటు ఉండె. చార్జర్ ప్లగ్గు నువ్వే గుంజినవు. నేను చూసిన."

ఇంద్రసేన చుట్టూ చూశాడు.

"సెల్లు పక్కింటి నఫీసా కాడ చార్జింగ్ వెట్టిచ్చుకున్న," అంటూ ఆమె కొంగు చాటున చెవికి పెట్టుకున్న మిషన్ చూపించింది. "నాయిన భూమిల నా పాలు నేను నీకే రాసిస్తనని ఇందాక వకీలు సాబ్‌కు చిన్నగ జెప్పినవు గదా, గది గూడ ఇనవడ్డది."

"అక్కా, జర నా మాట..."

"భాగీరథమ్మ," అని లోపలి నుంచి పిలుపు వచ్చింది.

అతను సైగ చేయకముందే ఆమె లేచి లోపలికి నడిచింది.