తానాలగదిలో అప్ప

"అమ్మమ్మా, గీజరు బిగించడానికొచ్చినాయన అడుగుతున్నాడు. స్విచ్చి బాత్రూం బయట ఎందుకు పెట్టమన్నావు?"

ఎందుకేటే? పెట్టమంటే పెట్టమను. తడిసేత్తో ముట్టుకోడానికి అదేవన్నా కుళాయేటి? ఎర్తు తీగ ఏసినాడో నేదో కూడా నాకు సూపించమను. నవ్వకొలే. నీకు తెల్దు. రా, ఇలగ కూకో.

మీయమ్మ నా కడుపున పుట్టిన పిల్ల కాదని నీకు తెలుసు గదా. కన్నతల్లి, అంటే మీ సొంత అమ్మమ్మ, నాను ఈ టెక్కలి రాకముందే సచ్చిపోనాది. మా పెరట్లో తానాలగదిలోనే. తానానికెల్లి ఎంతకీ రాకపోతే తలుపు తోసి సూసినారంట, రాతిపలక మీద పడున్నాదంట. మూర్ఛొచ్చిందన్నారు కొందరు, గాలి సోకిందన్నారు కొందరు. ఏదో ఒకటి అనీసి ఊరుకున్నారు.

ఆ యేడే నన్ను మీ తాతకి సేసుకున్నారు. మాది ఇచ్ఛాపురం. నాకప్పటికి పదిహేడు... కాదు, పద్దెనిమిది నిండినాయి. పెళ్లిలో పుస్తెలతో పాటు సిన్న బంగారు బిళ్ల కూడా కట్టినారు, పెద్దావిడ పేరు మీద. రెండో పెళ్లాం మెళ్లో అది ఉండాల, నేపోతే పోయినావిడికి కోపమొత్తాదని. పండగొత్తే ముందర దానికే పసుపూ కుంకం. మాయేపు అక్కని అప్ప అంటాం గదా, నాను ఆవిణ్ని అప్ప అనీదాన్ని. మొకం ఎప్పుడూ సూడనేదు గానీ, అప్పంటే అప్పే.

అప్పటికి మా వీధిలో కరెంటున్న ఇళ్లు నాలుగు. తానాలగదిలో కూడా బల్బున్నది మాదొక్కటే. కిటికీ నేదు దానికి, పగలే సీకటి. అక్కడ అప్పని ఒకపాలి తేలు కుట్టిందంట. దాంతో మీ తాత ఎవులికీ సెప్పకుండా ఆయనే తీగ లాగీసినాడు. బట్టలారేసుకునే ఇనపతీగ ఉండీది గదా, దండెం, పెరట్లోంచి గదిలోకి? దానికే కరెంటు తీగ సుట్టుకుంటా తీసుకెల్లి బల్బు యేలాడగట్టినాడు. వేరే కొయ్యలెందుకు, తీగ ఉన్నాది గదా అని. సుట్టుపక్కలోలు వచ్చి మరీ సూసెల్లినారంట, పెళ్లామంటే ఎంత పేనమో ఈడికి అని.

కాపరానికొచ్చి నెల్లాళ్లయిందేమో. సందేళ తానం సేసి, దండెం మీద పొడికోక అందుకున్నాను. ఎవులో మోచెయ్యి దాకా పట్టి లాగీసినారే! ఓలమ్మో! ఎనక్కి సూత్తే ఎవులూ నేరు. బల్బొకటే ఊగతంది. పరిగెట్టుకెల్లి మాయత్తకి సెప్పినాను. "పెద్దది పట్టుకున్నాది. నాకెప్పుడూ పట్టనేదే? నీకు మడి నేదు కాబట్టే," అన్నాది. మాయత్తకి మడి పిచ్చి. పూజబట్ట సేత్తో ముట్టుకోదు, ఆరేసినా తీసినా ఎదురుబొంగుతోనే. ఇంక ఆవిడికేటి తగులుతాది సెప్పు? అది నాకప్పుడు తట్టితేనా!

పగలు పట్టీది కాదు, బల్బు ఎలిగించినప్పుడే. పీటెక్కి అందుకునీదాన్ని, పొట్టిదాన్ని గదా. ఒకనాడు సిన్నగా, ఒకనాడు గట్టిగా. రావివలస మల్లన్నకి మొక్కినాను. బిళ్లకి రోజూ పసుపు రాసినాను. "అప్పా, నీ మొగుణ్ని నాను లాక్కోనేదే, నన్నొగ్గీ, ఒదిలీ," అని ఆ గదిలో నిలబడి ఏడ్సినాను. అయినా పట్టీది.

మీయమ్మకి అప్పుడు నాలుగేళ్లు. నా దగ్గరికి వచ్చీది కాదు, పిలిత్తే మాయత్త ఎనకాల దాక్కునీది. ఒకనాడు దీపాలేళ సూత్తును గదా, తానాలగదిలో యేలాడతన్న తడికోక కొంగు రెండు సేతుల్తో పట్టుకోని నవ్వుతంది. "ఏటే గుంటా?" అన్నాను. "అమ్మ. సెయ్యి జుమ్మంటంది. అమ్మ పట్టుకుంటంది," అన్నాది. పెద్దోలం అనుకున్న మాటలన్నీ ఇనీసింది మరి. మేవందరం బయపడి సత్తంటే, ఆ గుంట రోజూ తల్లి కోసం ఎల్తంది!

మూణ్ణాళ్లకేమో, సందేళ మళ్లీ కనపడదు. బేగి ఎల్లీసరికి, బోర్లించున్న ఇత్తడి గంగాళం ఎక్కింది. తడికాళ్లు. దండెం మీదికి సెయ్యి సాపింది. "పైన ఇంకా గట్టిగా పట్టుకుంటాది," అంటంది. జానెడు దూరమే! నడుం పట్టి లాగీసినాను. ఇద్దరం రాయి మీద పడ్డాం. అది నన్ను కొరికీసి, అమ్మ కావాలని ఒకటే ఏడుపు.

అప్పుడొచ్చింది నాకు కోపం. బయం కాదే, కోపం. నా మీద పగుంటే నన్ను లాగాల. కన్నతల్లి పిల్లని అలగ లాగుతాదేటి? లాగదు. ఇది అప్ప కాదు అనుకున్నాను. మీ తాతతో సెప్పీసినాను, ఆ గదిలో ఏటున్నాదో తేల్సు, నేపోతే పిల్లనెత్తుకోని ఇచ్ఛాపురం ఎల్లిపోతానని.

పలాస నుంచి కరెంటు పనోణ్ని తెచ్చినాడు. ఆడు బల్బు ఎలిగించి దండేనికి టెస్టరు ఆనించగానే అదీ ఎలిగింది. తుప్పుకి ఒరుసుకోని లోపలి తీగ బయటపడీసిందంట. "పీట సెక్కది కాబట్టి బతికినావమ్మా. తడిరాయి మీద నిలబడి పట్టుకుంటే ఇంక ఒగ్గదు. ఎవులేసినారు బాబూ ఇది?" అన్నాడు. మాయత్త లోపలికెల్లిపోనాది. మీ తాత గడప మీద కూకుండిపోనాడు. ఆడెల్లిపోయినాక అన్నాడు, "దానికి తేలంటే బయమే. అందుకేసినాను," అని. జన్మలో మరి ఆ మాటెత్తనేదు.

తీగంతా పీకీసినారు. మర్నాడు సందేళ మీయమ్మ మళ్లీ ఎల్లి కొంగు పట్టుకోని నిలబడింది. కాసేపు సూసి, "అమ్మ రానేదు," అన్నాది. కరెంటంటే దానికేటి తెలుత్తాది? కొంగు ఇడిపించి నా సెయ్యిచ్చినాను. లాగీసుకున్నాది. మళ్లీ ఇచ్చినాను. నా సెయ్యి తిప్పితిప్పి సూసి, "జుమ్మనడం నేదు," అన్నాది. అనీసి, మరి ఒగ్గనేదు.

పాపం, అప్పని ఎన్ని మాటలనుకున్నామో. ఇరవయ్యారేళ్లు కూడా నిండనేదు ఆవిడికి. నీ మొకంలో ఆవిడ పోలికలున్నాయంటారే పాతోలు. దా, ఇలగొంగు. సల్లగా ఉండు తల్లీ. ఆవిడ బతకని ఏళ్లు కూడా నువ్వే బతుకు.