అబ్బాస్ అలీ గారి కెమెరా, సగమే నొక్కిన మీట

దేవుని ఊరేగింపును ఫోటో తీసే మనిషికి దర్శనం దక్కినట్టా, దక్కనట్టా? ఈ వ్యాసం రాస్తున్న హనుమన్నను, అనగా మన ఆదోని కార్యాలయపు ప్రకటనల విభాగం గుమాస్తాను, ఈ సందేహం 1993 ఆగస్టు 16వ తేదీ నుంచి వెంటాడుతూనే ఉంది. శ్రావణ సోమవారమైన ఆనాడే శ్రీ అబ్బాస్ అలీ గారు మన పత్రికలో ఫోటోగ్రాఫరుగా చేరారు. చేరిన పూటే వారిని పల్లకీ సేవ ఫోటోలకు పంపితే, దారి చూపడానికి హనుమన్న వెంట వెళ్ళాడు. పల్లకీ దగ్గరికి రాగానే వీధిలో ఉన్నవారందరూ చేతులు జోడించారు. అబ్బాస్ అలీ గారి రెండు చేతులూ మాత్రం కెమెరా మీదే ఉన్నాయి. ఒక కన్ను మూసి ఉంది. రేపు ఇంతమందికి స్వామిని చూపించబోయే ఈయన తాను చూసినట్టా, లేదా అని హనుమన్నకు అనిపించింది. కొత్త మనిషి, అందులోనూ వేరే మతస్థులు; అడగడానికి మొహమాటపడ్డాడు. ఆ మొహమాటం ముప్పై ఏళ్ళు సాగింది.

అబ్బాస్ అలీ గారు ఆదోనిలోనే పుట్టి పెరిగినవారు. పత్తి మిల్లులో హమాలీగా పనిచేసిన తండ్రిగారు చిన్ననాడే కాలం చేయగా, తల్లి మహజబీన్ గారు కుట్టుమిషను నమ్ముకుని ఏకైక కుమారుణ్ణి ఇంటర్మీడియెట్ దాకా చదివించారు. ఒక స్టూడియోలో ఏడేళ్ళు పని నేర్చుకుని వారు మన కొలువులోకి వచ్చారు. అది రీళ్ళ కాలం. కార్యాలయం వెనుక ఉన్న స్నానాలగదినే చీకటిగదిగా మార్చుకుని, ఫోటోలు కడిగి, తడి ఆరీ ఆరకముందే కవరులో పెట్టి, మధ్యాహ్నం రెండున్నరకు బయలుదేరే కర్నూలు బస్సు కండక్టరు చేతికి అందించేవారు. ఆ మొదటి ఐదేళ్ళలో ఆ కవరు బస్సు తప్పింది రెండే రెండుసార్లు. ఆ రెండుసార్లూ బస్సే ముందు వెళ్ళిపోయిందని వారి వాదన.

1998 నుంచి ఆరేళ్ళు ఎమ్మిగనూరులో పనిచేశారు. అక్కడి చేనేత మగ్గాల మీద వారు తీసిన ఫోటోలను నేత కార్మికులు తమ ఇళ్ళ గోడలకు తగిలించుకున్నారంటే, ప్రతి ఇంటికీ ఒక ప్రతిని స్వయంగా తీసుకువెళ్ళి ఇచ్చినందువల్లనే. పన్నెండు దసరాలు దేవరగట్టు కర్రల సమరానికి వెళ్ళారు. ఒక ఏడు చొక్కా చిరిగి తిరిగివచ్చారు గాని కెమెరా మీద గీత పడనివ్వలేదు. కరువు రోజుల్లో ఎండిన చేలకు వెళ్ళినప్పుడు, కన్నీరు పెట్టుకున్న రైతు అనుమతి అడగనిదే కెమెరా ఎత్తలేదు. వద్దంటే కాసేపు పక్కన కూర్చుని మాట్లాడి వచ్చేవారు. ఫోటో లేని వార్త ఇచ్చినందుకు పైనుంచి మాట పడ్డ రోజులూ ఉన్నాయి. ఆ మాటలను వారు ఇంటిదాకా మోసుకుపోలేదు.

2005లో డిజిటల్ ఎస్సెల్లార్ కెమెరా వచ్చింది. దాని లోపల ఒక చిన్న అద్దం ఉంటుంది. ఎదుటి దృశ్యం ఆ అద్దం మీద పడి కంటికి చేరుతుంది. మీట నొక్కగానే అద్దం పైకి లేచి, 'టప్' మని చప్పుడై, ఫోటో పడుతుంది. పత్తి మార్కెట్ యార్డులో లెన్సు మారుస్తుంటే గాలిలో తేలే నూగు కెమెరాలోకి దూరి, ఫోటోల మీద చుక్కలు చుక్కలుగా కనబడుతుంది. దానికి మహజబీన్ గారు తమ పాత బుర్ఖా గుడ్డతో ఒక నల్లని సంచి కుట్టి ఇచ్చారు. అబ్బాస్ అలీ గారు కెమెరాను ఆ సంచిలో పెట్టి, రెండు చేతులూ లోపలికి దూర్చి, చూడకుండానే లెన్సు మార్చేవారు. యార్డులోని హమాలీలు చుట్టూ మూగి, లోపల పామును పట్టుకున్నావా అని ఆటపట్టించేవారు.

ఇక హనుమన్న ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెప్పాలి.

2011లో ఎమ్మిగనూరు తేరు ఫోటోకు జిల్లా పోటీలో వారికి ప్రథమ బహుమతి వచ్చింది. భక్తులు విసిరిన అరటిపండు రథం మీది కలశానికి జానెడు దూరంలో గాలిలో నిలిచిపోయిన ఫోటో అది. మన కార్యాలయంలోనే సన్మానం జరిగింది. జన్మలో ఏనాడూ కెమెరా ముందు నిలబడని మహజబీన్ గారు, కొడుకు బతిమాలగా బతిమాలగా, ఒక్కటంటే ఒక్క ఫోటోకు ఒప్పుకున్నారు. అబ్బాస్ అలీ గారు అన్నీ సరిచేసి కెమెరాను హనుమన్న చేతికిచ్చి, భార్య జొహరాబీ గారితో కలిసి తల్లి పక్కన నిలబడ్డారు.

"మీట నొక్కు అన్నా, అంతే."

హనుమన్న నొక్కాడు. 'కీచ్' మని సన్నని చప్పుడు వచ్చింది. చుట్టూ చప్పట్లు. "పడింది!" అని ప్రకటించి కెమెరా దించేశాడు. మహజబీన్ గారు వెంటనే వెళ్ళి ఆటో ఎక్కేశారు. సాయంత్రం చూస్తే ఫోటో లేదు.

అందరితోనూ అబ్బాస్ అలీ గారు "కార్డు పాడైందిలే" అన్నారు. ఇంట్లో తల్లి మాత్రం "సూసినావా బేటా, దేవుడే వద్దన్నాడు. ఇంగ నన్ను అడగొద్దు" అని తేల్చేశారు. వారం తరువాత టీ తాగుతూ, పక్కన ఎవరూ లేనప్పుడు, అబ్బాస్ అలీ గారు కెమెరాను హనుమన్న చేతిలో పెట్టారు.

"దీనికి రెండు మెట్లుంటాయన్నా. సగం నొక్కితే సూస్తాది, కీచ్ అంటాది. పూర్తిగా నొక్కితేనే తీస్తాది."

అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఎవరితోనూ అనలేదు. వేలాదిమందికి ఫోటోలు తీసి ఇచ్చిన మనిషికి కన్నతల్లితో దిగిన ఫోటో లేకుండా పోయింది. తప్పు తనదని ఆ తల్లికి చెప్పడానికి హనుమన్నకు నోరు రాలేదు.

2023లో మిర్రర్‌లెస్ కెమెరా వచ్చింది. మన విలేకరి నందిని దాని తరఫున వకాల్తా పుచ్చుకుంది.

"సార్, ఇంగ ఆ బండరాయి యాడికి మోస్తారు? దీంట్లో అద్దమే లేదు, సగం బరువు."

"ముప్పై ఏండ్లు మోసినా నందినమ్మా. నా భుజం ఒగ పక్కకు ఒంగిపోయింది. ఇప్పుడు తేలికది తగిలిస్తే రెండో పక్కకు పడిపోతానేమో."

నందవరంలో పొదుపు సంఘం మహిళలను తీయడానికి మొదటిసారి దాన్ని తీసుకువెళ్ళారు. తీసి దించినా వాళ్ళు కదలలేదు. చివరికి బసమ్మ అనే పెద్దావిడ అరిచింది.

"ఏమప్పా, తీసినావా లేదా? ఊపిరి బిగబట్టి సస్తాండాం ఈడ!"

"తీసినానమ్మా, నాలుగు తీసినా."

"సప్పుడే రాలా! ఉత్తుత్తి కెమెరా తెచ్చినట్టుండావు."

చప్పుడు వచ్చేటట్టు కూడా పెట్టుకోవచ్చని నందిని మీట మార్చి చూపించింది. అబ్బాస్ అలీ గారు నవ్వు ఆపుకోలేకపోయారు. "లేని అద్దానికి సప్పుడు పెట్టినారా! మన ఇన్‌చార్జి సారు సెలవిస్తాననే మాట మాదిరే ఉంది."

అయినా కొత్తదాన్ని వారు తేలిగ్గా కొట్టిపారేయలేదు. రెండేళ్ళు రెండింటినీ మోశారు. కొత్తదాని బ్యాటరీ మధ్యాహ్నానికే అయిపోతుందన్నారు. అద్దం అడ్డు లేనందువల్ల యార్డులో నూగు మరింత సులువుగా పడుతుందన్నారు. కోడుమూరులో స్టూడియో నడిపే మిత్రులు ఇంకా ఎస్సెల్లారుతోనే పెళ్ళిళ్ళు తీస్తున్నారని గుర్తుచేశారు. అదే సమయంలో, నమాజు దగ్గరా చావు ఇంటా ఆ చప్పుడు లేకపోవడం ఎంత మర్యాదో కూడా చెప్పారు.

2024 జనవరిలో తేరు ఫోటోలు పంపేసి ఎమ్మిగనూరు బస్టాండులో టీ తాగుతుండగా, హనుమన్న ముప్పై ఏళ్ళ సందేహాన్ని బయటపెట్టాడు.

"అబ్బాస్ భాయ్, తప్పనుకోవద్దు. ఇన్నేండ్లు మా స్వామిని తీసినావు గదా. నువ్వు సూసినావా?"

వారు గ్లాసు కింద పెట్టారు.

"లేదన్నా. మీట నొక్కితే అద్దం పైకి లేస్తాది గదా, ఆ రెప్పపాటు నా కంటికి చీకటే. ప్రైజొచ్చిన ఫోటోలో అరటిపండు నేను సూళ్ళేదు. ఇంటికొచ్చి సూస్తే ఉండింది. నేను తీసినవన్నీ నేను సూడనివే."

"మరి ఈ కొత్తదాంట్లో?"

"అద్దం లేదు, చీకటి రాదు. ఇయ్యాల తేరు కదిలినప్పుడు నొక్కతానే ఉండా, సూస్తానే ఉండా. చేతులు వణికినాయన్నా. పోయే కాలానికి సూపించినాడు మీ స్వామి."

"ఐతే పాతవి పోతాయంటావా?"

"పోతాయి. ఆదోనిలో రెండేండ్లకు, కోడుమూరులో ఐదేండ్లకు. కానీ అద్దం కెమెరాతో నేర్చినోడు, చీకట్లో ఏం జరగబోతాదో ముందే కనిపెడతాడు. అది నందినమ్మకు నేర్పియ్యల్ల."

కొత్త కెమెరాలో కంటికి కనబడేది చిన్న తెర మీది బొమ్మేనట. అది స్వామా, స్వామి బొమ్మా అనే అనుమానం హనుమన్నకు ఇప్పటికీ కొంచెం ఉంది. వణికిన ఆ చేతులకు ఆ లెక్కతో పనిలేదని సరిపెట్టుకున్నాడు. కాని ఆ మాటలు విన్నప్పటినుంచి, తాను ఒక తల్లీకొడుకుల మధ్య మిగిల్చిన చీకటి సంగతి నిద్రలోనూ గుర్తుకు రాసాగింది.

పదవీ విరమణ దగ్గరపడింది. పోయిన నెల రెండవ ఆదివారం పొద్దున పూజ ముగించుకుని హనుమన్న వారింటికి వెళ్ళాడు. మహజబీన్ గారికి ఇప్పుడు ఎనభై రెండేళ్ళు. ఒక కంటికే ఆపరేషను అయింది.

"అమ్మా, అప్పుడు ఫోటో పడకపోయింది దేవుడు వద్దని గాదు. కార్డు పాడై గూడా గాదు. నేను మీట సగమే నొక్కినా. సిగ్గుపడి సెప్పలేదు. మీ కొడుకు నా తప్పు కప్పిపెట్టినాడు."

ఆమె హనుమన్న వేలివైపు చూశారు. అబ్బాస్ అలీ గారు తల దించుకున్నారు.

"సగమే నొక్కినావా?"

"సగమే అమ్మా."

"నీ ఏలికి బలం లేకపోతే, పద్నాలుగేండ్లు నేను నింద దేవుని మీద ఏసినా గదప్పా!" అని ఆమె కోడలివైపు తిరిగారు. "జొహరా, నా తెల్ల దుపట్టా తీసుకురా. ఈయప్ప మనసు మారక ముందే."

అబ్బాస్ అలీ గారు రెండు కెమెరాలూ తెచ్చారు. పాతదాన్ని కాసేపు చేతిలో పట్టుకుని, పక్కన పెట్టి, కొత్తదాన్ని హనుమన్నకు ఇచ్చారు.

"ఇయ్యాల ఇది అన్నా. దీంట్లో నువ్వు సూసేదే పడతాది."

హనుమన్న మనసులో దేవుని తలచుకుని మీటను చివరిదాకా నొక్కాడు. సరిగ్గా అప్పుడే ఆ తల్లి చెయ్యెత్తి కొడుకు చొక్కా కాలరు సర్దింది. అది జరుగుతుండగానే హనుమన్న చూశాడు. ఏ చప్పుడూ రాలేదు.

"సప్పుడు రాలేదే హనుమన్నా! మళ్ళా సగమేనా?" అని మహజబీన్ గారు అడిగారు.

కెమెరా తెచ్చి చూపించాడు. ఆమె దాన్ని బాగున్న కంటికి దగ్గరగా పెట్టుకుని చూసి, "యా అల్లా! నా కొడుకు ఇంత ముసలోడైపోయినాడా!" అన్నారు.

అక్టోబరు 31న అబ్బాస్ అలీ గారు మన కొలువు నుంచి విశ్రాంతి తీసుకుంటున్నారు. పాత ఎస్సెల్లారును కార్యాలయం వారికే జ్ఞాపికగా సమర్పిస్తోంది. తల్లి కుట్టిన నల్ల సంచిని వారు నందినికి అప్పగించారు. అద్దం లేని కెమెరాకే దాని అవసరం ఎక్కువట. ఒంగిన ఆ భుజానికి ఇకనైనా సుఖం కలగాలనీ, నూరేళ్ళు నిండేదాకా చూపు చెదరకుండా, తల్లిగారి నీడలో, జొహరాబీ గారు తోడుగా, వారు ఆరోగ్యంగా ఉండాలనీ ఏ పేరుతో పిలిచినా పలికే ఆ భగవంతుణ్ణి మనందరం వేడుకుందాం.

ఎదుటి పుటలోని ఫోటో తీసింది హనుమన్న. పూర్తిగా నొక్కి తీసినది.